కొట్టేసిన పిటిషన్లు ఎక్కడికి పోతాయి

మా అన్నయ్యకీ నాకూ మధ్య ఒక వాదన చాలా ఏళ్ళుగా తెగకుండా నడుస్తోంది. నియంత పాలిస్తున్న దేశంలో మానవ హక్కుల చట్టం పట్టుకుని కోర్టుకెళ్ళడం వల్ల ఒరిగేదేమీ లేదంటాడు తను. "పోలీసులు వాళ్ళ మనుషులు, జడ్జీలు వాళ్ళ మనుషులు, జైళ్ళు వాళ్ళవి. నువ్వు కాగితం పట్టుకెళ్ళి ఏం చేస్తావే? చట్టం చూపిస్తే దిగిపోయిన నియంత ఒక్కడుంటే చెప్పు" అంటాడు. పోయిన నెల మళ్ళీ అదే అడిగాడు. ఈసారి చిలీ సంగతి చెప్తాను అన్నయ్యా, కానీ ఫోనులో తెమిలేది కాదు, రాసి పంపిస్తానన్నాను. రాయడం మొదలుపెట్టాక ఇది మా ఇద్దరికే పరిమితమైన వాదన కాదనిపించి ఇక్కడ పెడుతున్నాను.

ముందు అన్నయ్య పక్షానికి బలమిచ్చే లెక్కే చెప్తాను, దాచి లాభం లేదు. 1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం జనం ఎన్నుకున్న అధ్యక్షుడు అయెండే ప్రభుత్వాన్ని కూలదోసింది. జనరల్ పినోచెట్ గద్దెనెక్కాడు. ఆ రోజు నుంచే మనుషుల్ని ఇళ్ళలోంచి, ఫ్యాక్టరీల్లోంచి, రోడ్ల మీదనుంచి ఎత్తుకుపోవడం మొదలైంది. 1973 నుంచి 1983 దాకా, చర్చి అండతో పనిచేసిన లాయర్లు దాదాపు 5,400 హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. మా మనిషిని పట్టుకుపోయారు, ఎక్కడున్నాడో చెప్పండి, కోర్టు ముందుకు తీసుకురండి అని అడగడమే ఆ పిటిషన్. అందులో కోర్టులు ఒప్పుకున్నవి పది.

పది శాతం అనుకునేరు. పదంటే పదే పిటిషన్లు.

నేను కొన్నాళ్ళు ఒక లాయరుగారి దగ్గర జూనియరుగా పనిచేశాను. ఒక్క పిటిషన్ కొట్టేస్తేనే ఆ సాయంత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే కింద బెంచీ మీద క్లయింటు వాళ్ళమ్మ కూర్చుని ఉంటుంది. మన నడక చూసే ఆవిడకి అర్థమైపోతుంది. "మళ్ళీ వేద్దామమ్మా" అనడానికి నోరు పెగలదు. అలాంటిది ఐదువేల పైచిలుకు సార్లు ఓడిపోయి, మర్నాడు పొద్దున్నే టైపు మిషన్లో కొత్త కాగితం ఎక్కించిన వాళ్ళున్నారు. ఎందుకు ఎక్కించారు? ఆ ప్రశ్నే నన్ను చిలీ దాకా తీసుకెళ్ళింది.

ఆ సైనిక కుట్ర జరిగిన కొద్ది వారాలకే, అక్టోబరులో, శాంటియాగోలో క్యాథలిక్కులు, లూథరన్లు, మెథడిస్టులు, యూదులు కలిసి ఒక శాంతి కమిటీ పెట్టారు. దాని న్యాయ విభాగాన్ని నడిపింది హొసే జలాకెట్ అనే యువ లాయరు. 1975 చివర్లో ఆ కమిటీని మూసేయమని పినోచెట్ కార్డినల్ రౌల్ సిల్వా హెన్రికెజ్‌కి లేఖ రాశాడు. కార్డినల్ మూసేశారు. మూసేసి, 1976 జనవరి 1 నుంచి అదే పనిని చర్చిలోనే ఒక శాఖగా తెరిచారు. దాని పేరు వికారియా దె లా సొలిదారిదాద్. మన మాటల్లో చెప్పుకుంటే సంఘీభావ శాఖ. ఊరి నడిబొడ్డున, పెద్ద చర్చి పక్కనే ఆఫీసు. బయటి కమిటీ అయితే తాళం వేయించగలిగాడు గానీ, చర్చి గోడల లోపలికి పోలీసుల్ని పంపడానికి అంత తేలిగ్గా సాహసించలేకపోయాడు.

అక్కడికి వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. అంతకు ముందే వాళ్ళు స్టేషన్లు, ఆసుపత్రులు, శవాగారాలు అన్నీ తిరిగి వచ్చేవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగేవారు. పేరేమిటి, గుర్తింపు కార్డు నంబరెంత? ఎన్ని గంటలకి తీసుకెళ్ళారు? వచ్చినవాళ్ళు యూనిఫాంలో ఉన్నారా, మామూలు బట్టల్లో ఉన్నారా? బండి ఏ రకం? నంబరు ప్లేటు లేని షెవ్రొలే పికప్ అనే జవాబు ఎన్నిసార్లు వచ్చిందంటే, రహస్య పోలీసుల గుర్తు అదేనని ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. అప్పుడు మీ ఆయన ఒంటి మీద ఏ బట్టలున్నాయి? చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ జవాబుల్లోంచే పిటిషన్ తయారయ్యేది.

చిలీ చట్టం ప్రకారం అలాంటి పిటిషన్‌ని 24 గంటల్లో తేల్చాలి. మనిషి ప్రాణం గంటల మీద ఆధారపడి ఉంటుందని చట్టం రాసినవాళ్ళకి తెలుసు. జడ్జీలు చేసిందేమిటంటే, హోం మంత్రిత్వ శాఖకి ఒక ఉత్తరం రాసి కూర్చునేవారు. వారాలు గడిచేవి. చివరికి ఒక జవాబు వచ్చేది. ఫలానా వ్యక్తిని ఈ శాఖ ఉత్తర్వుతో నిర్బంధించలేదు అని. దాన్ని వేదవాక్కులా తీసుకుని పిటిషన్ కొట్టేసేవారు. జైలుకి వెళ్ళి చూసిన జడ్జి, తలుపు తట్టిన జడ్జి దాదాపు లేరనే చెప్పాలి. వాళ్ళకి ఉత్తరం రాసేంత తీరిక ఉంది, నడిచి వెళ్ళడానికి కాళ్ళు లేవు. దీనికి నా దగ్గర క్షమాపణ లేదు. సైనికుల దగ్గర తుపాకీ ఉంది కాబట్టి భయపడ్డారని అనుకుందామన్నా, సుప్రీంకోర్టు పెద్దల్లో చాలామందిది భయం కాదు, ఇష్టం. 1974 జూన్‌లో పినోచెట్ మెడలో దేశాధినేత పట్టీ వేసింది స్వయానా ఆ కోర్టు ప్రధాన న్యాయమూర్తే.

అందుకే అన్నయ్య వాదనలో రెండో భాగం నన్ను మొదటిదానికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. "ఆ కోర్టుకి నువ్వు వెళ్ళావంటే దాన్ని కోర్టని ఒప్పుకున్నట్టే కదా? చూడండి, మా దగ్గర పిటిషన్లు కూడా వేసుకోవచ్చు అని వాళ్ళు విదేశాలకి చెప్పుకోవడానికి నువ్వే సాయపడ్డట్టు కదా?" అంటాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. నిజంగానే చెప్పుకున్నారు. ప్రతి పిటిషన్ ఆ కోర్టుకి కాస్త పరువు అరువిచ్చింది. ఆ పరువు బదులుగా ఏం దక్కిందన్నదే లెక్క.

దక్కింది సంతకం పెట్టిన అబద్ధం.

అది చిన్న విషయంలా కనిపిస్తుంది. మనుషుల్ని మాయం చేసే ప్రభుత్వానికి కావలసింది నిశ్శబ్దం. మనిషి ఉన్నాడనీ చెప్పదు, లేడనీ చెప్పదు. తల్లి స్టేషన్‌కెళ్తే "మాకు తెలీదు, పో" అని నోటిమాటతో సరిపెడుతుంది. నోటిమాటకి తేదీ ఉండదు, సంతకం ఉండదు. పిటిషన్ ఆ నిశ్శబ్దాన్ని కుదరనివ్వదు. కోర్టు అడిగింది కాబట్టి, కోర్టు ఎంత సొంతమైనదైనా సరే, శాఖ ఏదో ఒకటి రాయాలి. 5,400 సార్లు అడిగితే వేల జవాబులు. ఒకరి విషయంలో "అరెస్టు చేశాం, వదిలేశాం" అని, మరొకరి విషయంలో "ఎప్పుడూ అరెస్టు చేయలేదు" అని, ఇంకొకరి విషయంలో "దేశం వదిలి పోయాడు" అని. అబద్ధాలు ఎక్కువయ్యేకొద్దీ ఒకదానితో ఒకటి పొసగవు. పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు లేకపోతేనే అవి నిలబడతాయి. వికారియాలో పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళున్నారు. జైలునుంచి బతికి బయటపడ్డవాడు వచ్చి, "కళ్ళగంతలు జారినప్పుడు ఫలానా మనిషిని చూశాను" అంటే, ఆ ముక్క వెళ్ళి ఫలానా మనిషి ఫైల్లో చేరేది. మా సీనియరు గారు అనేవారు, గెలిచే కేసు ఎలా రాసినా గెలుస్తుంది, ఓడిపోయే కేసు కాగితాలు మాత్రం రెండింతలు జాగ్రత్తగా రాయమ్మా అని. అప్పుడు నాకది చాదస్తంలా అనిపించింది.

లాంకెన్ సంగతి ఇక్కడే చెప్పాలి. 1975లో ఐక్యరాజ్యసమితిలో చిలీ ప్రతినిధి సెర్హియో దియెజ్ లేచి, మాయమయ్యారని చెప్తున్న వాళ్ళలో చాలామందికి చట్టరీత్యా అసలు ఉనికే లేదన్నాడు. అంటే ఆ పేర్లతో మనుషులే పుట్టలేదని. మూడేళ్ళు తిరిగాయి. 1978లో ఒకతను వచ్చి, శాంటియాగోకి దగ్గర్లో లాంకెన్ దగ్గర పాడుబడ్డ సున్నపు బట్టీల్లో శవాలున్నాయని చర్చి వాళ్ళకి చెప్పాడు. వికారియా జాగ్రత్త చూడండి. నేరుగా పోలీసులకి చెప్తే రాత్రికి రాత్రే అక్కడేమీ మిగలదని వాళ్ళకి తెలుసు. అందుకని నవంబరు చివర్లో ఒక బిషప్పు, లాయర్లు, పత్రికా సంపాదకులు కలిసి వెళ్ళారు. రేపు కాదనడానికి వీల్లేని సాక్షుల్ని ఏరి తీసుకెళ్ళారన్నమాట. బట్టీలోంచి ఎముకలు, బట్టలు, సున్నం కలిసి కిందికి రాలాయి. పదిహేనుమంది. 1973 అక్టోబరులో ఇస్లా దె మైపో అనే పల్లె నుంచి పోలీసులు పట్టుకెళ్ళిన రైతులు, కూలీలు. వాళ్ళలో ఒకే ఇంటివాళ్ళు ఐదుగురు. తండ్రి, నలుగురు కొడుకులు.

ఉనికే లేదన్న మనుషులకి ఎముకలున్నాయి.

విచారణకి అడాల్ఫో బన్యాదోస్ అనే జడ్జిని వేశారు. రాత్రిపూట ఎవరో కాల్పులు జరిపారు, ఆ ఎదురుకాల్పుల్లో అందరూ చనిపోయారు అని పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యం కాదని ఆయన తేల్చారు. అంతకు మించి ముందుకెళ్ళడానికి ఆయనకి అధికారం లేదు, కేసు సైనిక కోర్టుకి పోయింది. పోలీసుల మీద ఆరోపణ నిలిచింది, ఆ వెంటనే క్షమాభిక్ష కింద వదిలేశారు. 1978 ఏప్రిల్‌లో పినోచెట్ ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. 1973 సెప్టెంబరు 11 నుంచి 1978 మార్చి 10 మధ్య జరిగిన నేరాలకి క్షమాభిక్ష. ఇక ఆ పదిహేనుమంది అవశేషాలు. కుటుంబాలు అంత్యక్రియలకి చర్చిలో ఎదురుచూస్తుంటే, వాళ్ళకి ఇవ్వకుండా తీసుకెళ్ళి పల్లెలో సామూహిక గోతిలో పూడ్చేశారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చంపడం ఒక ఎత్తు, ఎముకలు కూడా ఇవ్వకపోవడం ఇంకో ఎత్తు.

అన్నయ్య ఇక్కడ ఆగి, "చూశావా, రుజువైనా ఏం కాలేదు" అంటాడని తెలుసు. అప్పటికి కాలేదు, నిజమే. కానీ ఆ క్షమాభిక్ష డిక్రీకి తర్వాత ఏమైందో చూడు. అందులో రెండు తేదీలున్నాయి. ఆ తేదీల మధ్య జరిగిన నేరానికే క్షమాపణ. మనిషిని ఎత్తుకుపోవడమనేది ఎప్పటికి పూర్తవుతుంది? వదిలేసినప్పుడో, శవం దొరికినప్పుడో. శవం దొరకలేదు. చంపామని ప్రభుత్వం ఎన్నడూ ఒప్పుకోలేదు, మా దగ్గర లేడనే ప్రతి పిటిషన్‌కీ రాసిచ్చింది. అయితే ఆ అపహరణ 1978 మార్చి 10తో ముగిసిందని చెప్పడానికి ఆధారమేది? లేదు. నేరం ఇంకా నడుస్తూనే ఉంది. నడుస్తున్న నేరానికి పాత క్షమాభిక్ష వర్తించదు. జడ్జి హువాన్ గుజ్‌మాన్ 1999లో ఈ తర్కంతోనే సైనికాధికారుల మీద అభియోగాలు మోపారు, సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1975లో మాయమైన ఒక యువకుడి కేసులో 2004 నవంబరులో రహస్య పోలీసుల అధిపతి మాన్యుయెల్ కొంత్రెరాస్‌కి పడ్డ శిక్షని కూడా అదే కోర్టు ఖాయం చేసింది. దశాబ్దాలుగా రక్షణగా అల్లుకున్న అబద్ధమే మెడకి చుట్టుకుంది. శవాన్ని దాచినందుకే శిక్ష తప్పలేదు. మొదట కొట్టేసిన పిటిషన్లు లేకపోతే, ఈ మనిషిని ఫలానా రోజు ఫలానా చోట ఎత్తుకుపోయారన్న మొదటి కాగితం ఎక్కడినుంచి వచ్చేది?

నియంతలకి చట్టం లెక్కే లేదని అనుకుంటాం. నాకైతే వాళ్ళకి చట్టమంటే మనకంటే ఎక్కువ భయమనిపిస్తుంది. దీనికి ఒక చిన్న రుజువు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని చిలీ 1972లోనే, అయెండే కాలంలో ఆమోదించింది. 1976 నవంబరు 30న పినోచెట్ ప్రభుత్వం దాన్ని అమల్లోకి తెస్తూ డిక్రీ కూడా రాసుకుంది. దాని నంబరు 778. రాసుకుంది గానీ గెజిట్‌లో అచ్చు వేయలేదు. అచ్చు కాని చట్టం చట్టం కాదు. 1984లో ఇద్దరు రాజకీయ నాయకుల దేశ బహిష్కరణ కేసులో లాయర్లు ఆ ఒప్పందాన్ని చూపిస్తే, గెజిట్‌లో రాలేదు కాబట్టి చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి అది అచ్చయింది 1989 ఏప్రిల్ 29న. పన్నెండేళ్ళకు పైగా ఒక కాగితాన్ని సొరుగులో దాచారు. చట్టం దండగమారిదే అయితే అంత భద్రంగా దాచడమెందుకు?

ఇదే ఒప్పందాన్ని అదే సంవత్సరం, డిక్రీ 778కి దాదాపు ఏడు వారాల ముందు, ఇంకో నియంతృత్వం అచ్చు వేసింది. చెకొస్లొవేకియా కమ్యూనిస్టు ప్రభుత్వం 1976 అక్టోబరు 13న తన చట్టాల సంపుటిలో 120వ నంబరుగా ప్రచురించింది. ఎవరు చదువుతారులే అనుకున్నారేమో. చదివారు. 1977 జనవరిలో చార్టర్ 77 అనే పత్రం వచ్చింది, మొదట సంతకాలు పెట్టినవాళ్ళు 242 మంది. ఆ పత్రం మొదలయ్యేదే ఆ తేదీతో, ఆ నంబరుతో. మీరే అచ్చు వేశారు, మీరే పాటించండి అనడమే దాని సారాంశం. దాని ప్రతినిధుల్లో ఒకరు, యాన్ పాతొచ్కా అనే తత్వవేత్త, వరస ఇంటరాగేషన్ల తర్వాత ఆ మార్చిలోనే చనిపోయారు. ఇంకో ప్రతినిధి వాత్స్లావ్ హావెల్ జైళ్ళలో ఏళ్ళు గడిపి, 1989 డిసెంబరు 29న ఆ దేశానికే అధ్యక్షుడయ్యారు. ప్రాగ్‌లో అచ్చు వేసి ఇరుక్కున్నారు, శాంటియాగోలో అచ్చు వేయకుండా తప్పించుకోవాలని చూశారు. ఒకరు వామపక్షం, ఒకరు దానికి బద్ధ శత్రువు. కాగితం విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే టెన్షన్.

ఇక నియంత దిగిపోవడం దగ్గరికి వస్తాను. అన్నయ్య అసలు ప్రశ్న అదే కదా.

1985 మార్చిలో వికారియా రికార్డుల విభాగాన్ని చూసుకునే హొసే మాన్యుయెల్ పరాదాని, ఆయన స్నేహితుడైన టీచరు మాన్యుయెల్ గెర్రెరోని ఒక స్కూలు గుమ్మం దగ్గర ఎత్తుకుపోయారు. అంతకు ముందు రోజే శాంటియాగో నత్తీనో అనే చిత్రకారుణ్ణి కూడా. మార్చి 30న ముగ్గురూ ఊరి బయట గొంతులు కోసిన స్థితిలో దొరికారు. పరాదా చేస్తున్న పనేమిటి? ఫైళ్ళు సర్దడం. ఎవర్ని ఎవరు పట్టుకెళ్ళారో, ఏ అధికారి పేరు ఎన్ని చోట్ల వచ్చిందో కలిపి చూడడం. కాగితాల వల్ల ఏమీ కాదనుకున్న ప్రభుత్వమైతే కాగితాలు సర్దే మనిషి గొంతు కోయదు.

ఆ కేసు హొసే కానొవాస్ అనే వయసు మళ్ళిన జడ్జికి వచ్చింది. విప్లవకారుడేమీ కాదు, ఏళ్ళ తరబడి మామూలుగా ఉద్యోగం చేసుకున్న మనిషి. ఆయన ఉత్తరం రాసి కూర్చోలేదు. తవ్వుకుంటూ వెళ్ళి ఆగస్టు మొదట్లో పోలీసు అధికారుల మీదే ఉత్తర్వులిచ్చారు. రోజు తిరిగేసరికి పోలీసు దళాల అధిపతి, నలుగురు సభ్యుల సైనిక ముఠాలో ఒకడైన జనరల్ మెందోసా రాజీనామా చేశాడు. దోషులకి శిక్షలు పడటానికి 1994 దాకా పట్టింది. కానీ పినోచెట్ ఇంకా గద్దె మీద ఉండగానే, ఆ దేశపు జడ్జి పెట్టిన సంతకం ముఠాలో ఒకణ్ణి దించింది. అన్నయ్యా, నువ్వడిగిన ఒక్కడు కాదుగానీ, పక్క కుర్చీలోవాడు.

మెందోసా దిగిపోయిన ఆ 1985లోనే, సెప్టెంబరు 24న ఇంకోటి జరిగింది. దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. 1980లో పినోచెట్ తనకి తనే ఒక రాజ్యాంగం రాయించుకున్నాడు. దాని ప్రకారం 1988లో ప్రజాభిప్రాయ సేకరణ. ముఠా నిలబెట్టిన మనిషి ఇంకో ఎనిమిదేళ్ళు ఉండాలా వద్దా అని జనాన్ని అడగాలి. ఎన్నికల్ని పర్యవేక్షించే ట్రిబ్యునల్ మాత్రం ఆ ఓటింగు అయిపోయాకే పని మొదలుపెట్టేలా ప్రభుత్వం చట్టం తయారుచేసుకుంది. అంటే ఓటర్ల జాబితా చూసేవాళ్ళుండరు, లెక్క అడిగేవాళ్ళుండరు. 1978 జనవరిలో, ఐక్యరాజ్యసమితి తీర్మానానికి కోపమొచ్చి పినోచెట్ అలాంటి ఓటింగే ఒకటి పెట్టించి దాదాపు 75 శాతం తనకే వచ్చాయని ప్రకటించుకున్నాడు. మళ్ళీ అదే నాటకమన్నమాట. ఆ చట్టం రాజ్యాంగ ట్రిబ్యునల్ ముందుకి వచ్చింది. అందులో ఉన్నది కూడా ఆ వ్యవస్థ నియమించిన మనుషులే. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. అభిప్రాయ సేకరణ కూడా ఎన్నికే, దానికీ ట్రిబ్యునల్ ఉండి తీరాలి అని నలుగురన్నారు. ఆ నలుగురిలో ముందు నిలిచింది ఎఉహేనియో వాలెన్సుయేలా అనే న్యాయమూర్తి. పినోచెట్ రాజ్యాంగాన్నే పినోచెట్‌కి చదివి వినిపించారు.

ఆ ఒక్క తీర్పు వల్ల ఓటర్ల జాబితా వచ్చింది, బూతుల్లో ప్రతిపక్షం తరఫు మనుషులు కూర్చోగలిగారు, సొంతంగా లెక్కపెట్టుకోగలిగారు. 74 లక్షలకు పైగా జనం పేర్లు నమోదు చేసుకున్నారు. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. పినోచెట్‌ని దించింది తీర్పు కాదు, జనం. 1983 మే నుంచి రోడ్ల మీద గిన్నెలు మోగించి, తూటాలకి ఎదురు నిలిచి, భయపడుతూనే క్యూలో నిలబడి పేరు రాయించుకున్న జనం. 1988 అక్టోబరు 5న దాదాపు 56 శాతం మంది "వద్దు" అన్నారు. ఆ రాత్రి ఫలితాలు ఆపిపెట్టారు. అధ్యక్ష భవనంలోకి వెళ్తూ వైమానిక దళాధిపతి మత్తెయ్, విలేకరుల ముందే, "వద్దు" గెలిచిందని ఒప్పుకున్నాడు. అప్పటికే ప్రతిపక్షం దగ్గర బూతుల వారీగా లెక్క ఉంది. సొంత లెక్క ఉన్న జనాన్ని మోసం చెయ్యడం కష్టం. ఆ లెక్కకి చోటిచ్చింది మూడేళ్ళ ముందు నలుగురు న్యాయమూర్తులు.

జనం లేకుండా చట్టం ఏం చేయగలిగేదో చెప్పలేను. చాలా దేశాల్లో ఏమీ చేయలేకపోయింది. కానీ జనం కదిలే రోజున చేతికందే చోట ఏదో ఒకటి ఉండాలి. తేదీలున్న ఫైళ్ళు, పేర్లున్న జాబితాలు, వాళ్ళే రాసుకుని మరిచిపోయిన నిబంధనలు. అవి ఆ రోజుకి ఆ రోజు తయారవవు. ఓడిపోతున్న కాలంలోనే ఎవరో కూర్చుని తయారుచేయాలి. చట్టమా, ఉద్యమమా అని అన్నయ్య నన్ను ఎంచుకోమన్నప్పుడల్లా నాకు కోపమొచ్చేది ఇందుకే. వికారియా మెట్లెక్కిన ఆడవాళ్ళు పొద్దున్న పిటిషన్ మీద సంతకం పెట్టి, మధ్యాహ్నం పాత పార్లమెంటు భవనం గేటుకి గొలుసులతో తమని తాము కట్టేసుకున్నారు. వాళ్ళకి ఈ రెండూ వేరువేరు పనులని ఎవరూ చెప్పలేదు.

గెలుపు గురించి ఎక్కువ చెప్పి మోసం చెయ్యను. 1998 అక్టోబరు 16న లండన్‌లో పినోచెట్‌ని అరెస్టు చేశారు. ఆయన్ని అక్కడ ఇరికించింది చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం. దాన్ని చిలీ తరఫున ఆమోదించింది ఆయన ప్రభుత్వమే, 1988 సెప్టెంబరు 30న, సరిగ్గా ఆ ఓటింగుకి ఐదు రోజుల ముందు. ఆ సంతకాన్ని పట్టుకునే, మాజీ దేశాధినేతననే రక్షణ చిత్రహింసల విషయంలో చెల్లదని బ్రిటన్ లార్డ్స్ న్యాయమూర్తులు 1999 మార్చిలో తీర్పిచ్చారు. అయినా ఆరోగ్యం బాగాలేదన్న కారణంతో 2000 మార్చిలో ఇంటికి పంపించేశారు. చిలీలో కేసులు నడిచాయి, శిక్ష పడలేదు. 2006 డిసెంబరు 10న చనిపోయాడు. ఆ తేదీ ప్రపంచ మానవ హక్కుల దినం. తల్లులకి ఆ యాదృచ్ఛికం వల్ల ఒరిగిందేమీ లేదు. వాళ్ళు చూడాలనుకున్నది ఆయన్ని బోనులో, అది జరగలేదు. కొంత్రెరాస్‌కి శిక్ష పడింది. ముందుగా 1993లో, అయెండే మంత్రివర్గంలో పనిచేసిన ఒర్లాందో లెతెలియేర్ హత్య కేసులో, ఏడేళ్ళు. ఆ శిక్ష వేసిన న్యాయమూర్తి ఎవరో తెలుసా? అడాల్ఫో బన్యాదోస్. లాంకెన్ బట్టీల దగ్గర సగంలో ఆపేయాల్సి వచ్చిన అదే మనిషి.

జలాకెట్‌ని 1975లో జైల్లో పెట్టారు, 1976లో దేశంలోంచి వెళ్ళగొట్టారు. మాయమైనవాళ్ళ కోసం కోర్టులెక్కిన ఇంకో లాయరు హైమె కస్తీయోని కూడా అదే ఏడు వెళ్ళగొట్టారు. 1990లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక కొత్త అధ్యక్షుడు ఐల్విన్ నిజ నిర్ధారణ కమిషన్ వేస్తే, ఇద్దరూ అందులో సభ్యులు. 1991 ఫిబ్రవరిలో ఇచ్చిన ఆ నివేదికలో చనిపోయిన, మాయమైన 2,279 మంది పేర్లు తేల్చారు. కోర్టులు తమ పని చేయలేదని కూడా అందులోనే రాశారు. ఎప్పుడో తాము వేస్తే కొట్టేసిన పిటిషన్లే ఈసారి వాళ్ళ బల్ల మీదకి సాక్ష్యాలుగా వచ్చాయి. మార్చిలో ఐల్విన్ టీవీలో ఆ నివేదిక గురించి చెప్తూ, రాజ్యం తరఫున కుటుంబాల్ని క్షమించమని అడుగుతున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది.

లాంకెన్ మృతుల అవశేషాల్ని సామూహిక గోతిలోంచి మళ్ళీ తీసి, డీఎన్ఏతో గుర్తించి, 2010లో సొంతవాళ్ళు ఎవరి పేరుతో వాళ్ళని పూడ్చుకున్నారు. ముప్ఫై ఏడేళ్ళకి. 2023 ఆగస్టులో చిలీ ప్రభుత్వం ఇంకా దొరకని 1,162 మంది కోసం వెతికే పనిని మొదటిసారి రాజ్యం బాధ్యతగా చేపట్టింది. అప్పటిదాకా ఆ వెతుకులాట భారం ఎక్కువగా ఇళ్ళలో వాళ్ళ మీదే. వెతకడం మొదలుపెట్టాలంటే ముందు కావలసింది పేరు, ఎత్తుకుపోయిన గంట, ఏ బండి, ఒంటి మీద ఏ బట్టలు, చివరగా ఎవరు చూశారు అన్నవే. అవి అప్పట్లోనే ఎవరో ఓపిగ్గా అడిగి, టైపు చేసి, కొట్టేస్తారని తెలిసి కూడా కోర్టులో దాఖలు చేసి, ఒక కాపీ తమ దగ్గర ఉంచుకున్నారు.